అడవి రాణి నర్సరీకి రావాలి

కొలంబియా వానఅడవుల్లో చెట్ల మాన్లను పట్టుకుని పెరిగే ఆంథూరియం వారోక్వియానమ్‌ని మొక్కల ప్రియులు ‘క్వీన్ ఆంథూరియం’ అంటారు. ముదిరిన మొక్క ఆకు మీటరు దాటి కిందికి వేలాడుతుంది. చిక్కటి ఆకుపచ్చ మీద తెల్లటి ఈనెలు, వేలితో రాస్తే వెల్వెట్ మెత్తదనం. కానీ ఆ ఆకు మీద నూగు ఉండదు. పైపొరలోని ఒక్కో కణం సన్నటి బుడిపెలా ఉబ్బి ఉంటుంది. గుబురు నీడలో ఏ పక్క నుంచి వెలుతురు పడినా లోపలికి లాక్కోవడానికే ఈ ఏర్పాటని వృక్షశాస్త్రజ్ఞులు వివరిస్తారు. 1878లో దీనికి శాస్త్రీయనామం పెట్టిన కాలం నుంచీ ఐరోపా సంపన్నుల గాజుగదుల్లో దీనికి పెద్దపీటే. ఎంత అరుదైతే అంత విలువ అన్న లెక్క ఇప్పటికీ మారలేదు. నా లెక్క వేరు. ఈ మొక్క నర్సరీల్లో ఎంత చవగ్గా దొరికితే, అడవిలో మిగిలినవి అంత క్షేమం.

ఇందుకు రుజువు మన పెళ్లి మండపాల్లోనే ఉంది. వేదికల మీద గుచ్చే ఎర్రటి ఆంథూరియంలకు మూలమైన ఆండ్రియానమ్ జాతి కూడా కొలంబియా, ఈక్వెడార్ అడవులదే. 1889లో అది హవాయి చేరాక అక్కడి సాగుదారులు గింజల నుంచి పెంచారు, రంగురంగుల సంకరాలు తీశారు. తర్వాత టిష్యూకల్చర్ తోడై అది పంటగా మారింది. ఇప్పుడు బొకేల కోసం ఎవరూ అడవి తవ్వనక్కర్లేదు. రాణిదీ అదే దారి కావచ్చు, ఓపికుంటే. ఆంథూరియం కంకి మీద ముందు ఆడ దశ వస్తుంది, జిగురు బొట్లు మెరుస్తాయి. అవి ఆరిన కొన్ని రోజులకు గానీ పుప్పొడి రాలదు. అందుకే పెంపకందారు పుప్పొడిని కుంచెతో దులిపి, కాగితంలో మడిచి, ఫ్రీజర్లో దాచి, మరో మొక్కకు బొట్లు తేలిన రోజున అద్దుతాడు. కాయ పండటానికి నెలలు పడుతుంది. గింజ ఎండితే మొలవదు, తీసిన వెంటనే తడి నాచు మీద వేయాలి.

టిష్యూకల్చర్ మొక్కలన్నీ ఒకే తల్లికి నకళ్లు కదా, వైవిధ్యం ఏదీ అని అనుభవజ్ఞులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ల్యాబ్ గిరాకీని తీరుస్తుంది గానీ వైవిధ్యాన్ని నిలపదు. ఆ పని వేర్వేరు మొక్కల్ని కలిపి, తల్లిదండ్రుల వివరం చీటీ మీద రాసిపెట్టే గింజల పెంపకందారులదే. ఇద్దరూ కావాలి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఒక జాతి చవకైతే మోజు మరో జాతి మీదికి మళ్లుతుంది, దాని కోసం ఇంకో అడవిలో చెయ్యి పెడతారు. కాదనలేను. అయితే దొంగచాటుగా తవ్వేవాడు బతికేది గిరాకీకీ సరఫరాకీ మధ్య ఉన్న ఖాళీ మీదే. కొత్త జాతి మీద మోజు ముదరకముందే దాని గింజలు మొలకెత్తించగల నర్సరీలు ఆ ఖాళీని పూడుస్తాయి. అరుదుతనానికి దండం పెట్టే సేకరణదారు ఆ ఖాళీని పెంచుతాడు. చట్టం మీద భారం వేసి ఊరుకోనూలేం. అరుదైన జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం ఆర్కిడ్లన్నిటికీ వర్తిస్తుంది గానీ, దాని జాబితాలో ఆంథూరియంలు లేవు.

అందుకని కొనేవాళ్లే కాపలా ఉండాలి. ఇది గింజ మొక్కా, ల్యాబ్ మొక్కా, తల్లిదండ్రులు ఏవి అని అమ్మేవారిని అడగండి. జవాబు సూటిగా రాకపోయినా, అడవి నుంచి తవ్వి తెచ్చిందనే గుర్తులుగా మొదలు దగ్గర నరికిన వేర్ల మోళ్లూ పురుగు కొరికిన ముదురాకులూ కనిపించినా, సగం ధరకిచ్చినా ఆ మొక్క తీసుకోకండి.