మీకు తెలుసా? పత్తర్‌గట్టిలో పులి లేని పులి కమాను

చార్మినార్ చూడబోయే వాళ్లంతా నడిచే వీధే పత్తర్‌గట్టి. నయాపూల్ దాటి, మదీనా చౌరస్తా నుంచి దక్షిణంగా కిలోమీటరు కూడా ఉండదు. రెండు పక్కలా రాతి కమానుల వరుస, కింద బట్టల కొట్లు, ముత్యాల కొట్లు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలను వెంటబెట్టుకుని వెళ్తూ ‘ఇదంతా నాలుగొందల ఏళ్ల నాటిది’ అని చెప్పని హైదరాబాదీ ఉండడు. ఆ మాటలో సగమే నిజం.

నూరేళ్ల ‘పాత’ వీధి. ఆ రాతి వరుసకు కుతుబ్‌షాహీలతో సంబంధం లేదు. దాని వెనక ఉన్నది మూసీ వరద. 1908 సెప్టెంబరు 28న నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బతోనే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. అది అందరికీ తెలిసిన కథే. అంతగా తెలియనిది, 1912లో నిజాం సర్కారు పెట్టిన నగరాభివృద్ధి బోర్డు సంగతి. ఇరుకు బస్తీలను విప్పడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. చార్మినార్‌కు వెళ్లే ఈ దారిని వెడల్పు చేసి, రెండు వైపులా ఒకే తీరున రాతి భవనాలు లేపింది ఆ బోర్డే. పత్తర్ అంటే రాయి. ‘గట్టి’ మాత్రం మన చెవికి అచ్చ తెలుగు మాటలాగే వినిపిస్తుంది. ఆ గ్రానైటును చూస్తే పేరు సరిగ్గానే కుదిరిందనిపిస్తుంది.

కింద కొట్టు, మీద కాపురం. ఈ భవనాల్లో అసలు తెలివి కమానుల అందంలో లేదు, వాటి వెనక ఉంది. కమానుకూ కొట్టు గుమ్మానికీ మధ్య కాస్త జాగా వదిలి, దాని మీద పై అంతస్తు గదులు కట్టారు. అంటే నడిచే బాట భవనం కిందే సాగుతుంది. మే నెల ఎండైనా, ఆషాఢం వానైనా బేరగాళ్లు కొట్టు నుంచి కొట్టుకు నీడలోనే వెళ్లిపోవచ్చు. పైన ఉండేవాళ్లకు వీధి వైపు బాల్కనీలు, వాటి మీద చూరులా ముందుకు వచ్చిన రాతి ఛజ్జాలు. నూరేళ్ల కిందట పాదచారికి ఇంత మర్యాద చేశారు. ఇప్పుడా నీడబాటలో షేర్వాణీలు తొడిగిన బొమ్మలు నిలబడి ఉంటాయి, పాదచారి ఆటోల మధ్య నడుస్తాడు.

పులి ఎక్కడ? వీధి చివరికి వస్తే మాత్రం నిజంగానే నాలుగొందల ఏళ్లు వెనక్కి వెళ్తాం. 1591లో చార్మినార్ లేచిన వెంటనే, దానికి ఉత్తరాన కట్టిన నాలుగు పెద్ద కమానులు అక్కడున్నాయి. ఒక్కోటి దాదాపు అరవై అడుగుల ఎత్తు. మదీనా వైపు నుంచి వస్తే మొదట దాటేది మచ్లీ కమాన్. శుభానికని అక్కడ చేప బొమ్మ వేలాడదీసేవారట. దక్షిణాన ఉన్నది చార్మినార్ కమాన్. తూర్పున ఉన్న కాలీ కమాన్ ఒకప్పుడు రాజనగారాలు మోగిన చోటు.

పడమటి కమాను కథ వేరు. జనం దాన్ని షేర్-ఎ-బాతిల్ కమాన్ అంటారు. షేర్ అంటే పులి. ఎంత వెతికినా అక్కడ పులి కనపడదు, ఎందుకంటే అసలు మాట షేర్ కాదు, ‘సెహర్’. సెహర్ అంటే మాయ, చేతబడి. బాతిల్ అంటే చెల్లనిది. చేతబడి పారని కమాను అన్నమాట. ఆ పేరెందుకంటే, కుతుబ్‌షాహీ రాజప్రాసాదానికి అదే ద్వారం. రాజుకు దిష్టి, చెడు సోకకూడదని అక్కడ మంత్రబద్ధం చేశారని చెబుతారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక ఆ ప్రాసాదం కాలగర్భంలో కలిసిపోయింది. కాపలా కమాను మిగిలింది, కాపాడాల్సిన ప్రాసాదం పోయింది. జనం నాలుక మీద నలిగి నలిగి మంత్రం కాస్తా పులైంది.

పేరు మారిన హౌజు. నాలుగు కమానుల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ పాత పేరు చార్ సూ కా హౌజ్, నాలుగు దిక్కుల కొలను. పేరు పెట్టినవాళ్లకు లెక్క తెలుసు. అక్కడ నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు కమానులు సమదూరంలో కనపడాలి. ఇప్పుడు బైకుల మధ్య నిలబడి చూడటమే కష్టం, అది వేరే సంగతి.

మ్యూజియం పుట్టిన ఇల్లు. సాలార్ జంగ్ మ్యూజియం మొదట మూసీ ఒడ్డున లేదు. ఈ వీధిని ఆనుకునే, సాలార్ జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీలో 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. దేవిడీ పోయింది, దాని దర్వాజాలు మాత్రం వీధి పక్కన నిలిచే ఉన్నాయి. వాటి లోపలికి వెళ్తే ఇప్పుడు కనిపించేవి టోకు బట్టల దుకాణాలు.

సముద్రం లేని ఊళ్లో ముత్యాలు. పత్తర్‌గట్టి ముత్యాలకు పేరు, కానీ ఇక్కడ ఒక్క ముత్యమూ పుట్టదు. వెనకటికి బస్రా నుంచి వచ్చేవి. హైదరాబాదు గొప్పదనం వాటికి బెజ్జం వేయడంలో, వన్నె తేవడంలో, దండ గుచ్చడంలో ఉంది.

కొత్తదే, కానీ పాతది. ఈ వీధికి ముందు వచ్చే నయాపూల్ పేరుకు అర్థం కొత్త వంతెన. కట్టింది పంతొమ్మిదో శతాబ్దం నడుమన. 1578 నాటి పురానాపూల్ ఎదుట కొత్తదే మరి. గోల్కొండ నుంచి వచ్చేవాళ్లకు ఆ పాత వంతెనే దారి. నయాపూల్ కట్టాకే ఉత్తరం నుంచి చార్మినార్‌కు నేరుగా నడిచే ఈ వీధి ఊరికి ముఖద్వారమైంది.

పత్తర్‌గట్టిని అసలు రూపంలో చూడాలంటే పొద్దున్నే తొమ్మిదిలోపు వెళ్లండి. అప్పటికి షట్టర్లు లేవవు, బొమ్మలు బయటికి రావు. బోర్డుల కన్నా పైకి తలెత్తి చూస్తే చాలు, రాళ్లన్నీ కనిపిస్తాయి.