పూల పొదలపై పొలుసు పురుగులు: నివారణలో అదను ముఖ్యం

ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణాల్లోను, పురపాలక ఉద్యానవనాల్లోను అందం కోసం పెంచే మందార, గన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు, క్రోటన్ పొదల ఆకులు పసుపుబారి కొమ్మలు ఎండుతున్నప్పుడు నీటి ఎద్దడియే కారణమని సాధారణంగా భావించడం జరుగుతుంది. అయితే కొమ్మలను దగ్గరగా పరిశీలిస్తే గోధుమ, బూడిద లేదా తెలుపు రంగు పొలుసులు బెరడుకు అతుక్కుని కనిపించవచ్చు. ఇవి బెరడులో భాగం కావు. మొక్క రసాన్ని పీల్చే పొలుసు పురుగులు.

వీటిలో కొన్ని రకాలు తేనె వంటి జిగురును విసర్జిస్తాయి. ఆ జిగురుపై నల్లని మసి తెగులు వ్యాపించి, ఆకులకు సూర్యరశ్మి అందకుండా చేస్తుంది. జిగురు కోసం చేరే చీమలు ఈ పురుగులకు కాపలాగా నిలిచి, వాటిని తినే మిత్ర కీటకాలను తరిమివేస్తాయి. అందువల్ల కొమ్మలపై చీమల బారులు కనిపించిన వెంటనే పొదను క్షుణ్ణంగా పరిశీలించవలసి ఉంటుంది.

ఎదిగిన ఆడ పురుగు దాదాపు ఒకేచోట కదలక ఉంటుంది. దానిపై గల మైనపు పొర లేదా గట్టి పెంకు కారణంగా పైపైన చల్లిన మందు లోపలికి చేరదు. పెంకు క్రింద గ్రుడ్ల నుండి వెలువడే పిల్ల పురుగులకు మాత్రం ఈ రక్షణ ఉండదు. అవి కొద్ది కాలం ప్రాకి, అనువైన చోట స్థిరపడి, క్రమంగా పెంకు కట్టుకుంటాయి. ఈ స్వల్ప వ్యవధియే నివారణకు సరియైన అదను. రెండు వైపులా అంటుకునే టేపును కొమ్మకు చుట్టి, కొద్ది రోజులకొకసారి భూతద్దంతో చూస్తే దానికి చిక్కిన సన్నని పిల్ల పురుగులు కనిపిస్తాయి.

తొలుత పురుగు తీవ్రంగా ఆశించిన కొమ్మలను కత్తిరించి ప్రాంగణం నుండి తొలగించాలి. మిగిలిన కొమ్మలపై పొలుసులను సబ్బు నీటిలో తడిపిన మెత్తని బ్రష్షుతో రుద్ది తీసివేయాలి. పిల్ల పురుగులు కనిపించినప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనెను కొద్దిగా సబ్బుతో బాగా కలిపి, ఆకుల అడుగు భాగం కూడా తడిసేలా సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. పిల్ల పురుగులు ఒకేసారి కాక విడతలుగా వెలువడతాయి కనుక 10 రోజుల వ్యవధిలో తిరిగి చేయవలసి ఉంటుంది. ఎండకు వాడిన మొక్కలపై నూనె చల్లరాదు.

విచక్షణ లేకుండా పురుగు మందులు వాడితే అక్షింతల పురుగులు, పరాన్నజీవులైన చిన్న కందిరీగలు నశించి సమస్య మరింత పెరుగుతుంది. వీటి ప్రాధాన్యం చరిత్రలో రుజువైనదే. కాలిఫోర్నియాలో నారింజ తోటలను నాశనం చేస్తున్న దూది వంటి పొలుసు పురుగును, 1888లో ఆస్ట్రేలియా నుండి రప్పించిన రొడోలియా అనే అక్షింతల పురుగు కొద్ది కాలంలోనే అదుపు చేసింది. నీలగిరుల్లో 1928లో ఇదే పొలుసు పురుగు కనిపించగా, అక్కడ కూడా ఆ అక్షింతల పురుగునే విడుదల చేశారు. రసాయనాలు తప్పనిసరి అయినప్పుడు ఉద్యాన అధికారుల సలహా మేరకే వాడాలి. పూత సమయంలోను, పిల్లలు ఆడుకునే వేళల్లోను వాడరాదు.

ఈ పురుగు నారు మొక్కలతో పాటు దూర ప్రాంతాలకు తరలిపోతుంది. కనుక కడియం వంటి నర్సరీ కేంద్రాల నుండి గాని, మరెక్కడి నుండి గాని మొక్కలు తెప్పించినప్పుడు కాండం, ఆకుల అడుగు భాగం తనిఖీ చేసి, కొద్ది వారాలు విడిగా ఉంచిన తరువాతనే నాటడం శ్రేయస్కరం.

చనిపోయిన పొలుసులు కూడా నెలల తరబడి కొమ్మలకు అంటుకునే ఉంటాయి. వాటిని చూసి మందు పని చేయలేదని భావించి తిరిగి పిచికారీ చేయించడం వల్ల ప్రజాధనం వృథా అవుతుంది. గోటితో గీకినప్పుడు తడి కనిపిస్తే పురుగు సజీవంగా ఉన్నట్లు, పొడిగా రాలిపోతే చనిపోయినట్లు గుర్తించాలి. కనుక తోటల నిర్వహణను పర్యవేక్షించే అధికారులు పిచికారీల సంఖ్యను కాక, పొలుసులు లేని కొత్త చిగుళ్లను ఫలితానికి కొలమానంగా తీసుకోవడం సముచితం.