ఎలుకమ్మకూ ప్రయాణ జాగ్రత్తలు!

వంటింట్లో ఎలుక కనిపిస్తే చీపురు పట్టుకుని వెంటపడతాం. అదే ప్రయోగశాల తెల్లెలుక ఒక సంస్థ నుంచి మరో సంస్థకు వెళ్లాలంటే, ఆడపిల్లను అత్తారింటికి పంపినంత హడావుడి!

1998 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రిజిస్టరైన సంస్థకే జంతువుల్ని ఇవ్వాలి. ఎన్ని, ఎవరికి ఇచ్చారో లెక్క రాసిపెట్టాలి.

గాలి ఆడుతూ, క్రిములు చొరబడని పెట్టెలో పొట్టు పరిచి, కలిసి పెరిగినవాటినే కలిపి ఉంచుతారు. సీసా అయితే కుదుపులకు కారి పొట్టంతా తడుస్తుంది కదా, అందుకని నీళ్లకు బదులు జెల్లీ పెడతారు. నెలలు నిండినదాన్ని కదపనే కదపరు. మనింట్లోనూ అంతేగా!

చేరగానే సూది గుచ్చరు. విడిగా ఉంచి, కొన్నాళ్లు అలవాటు పడనిస్తారు. బెదిరిన ఎలుక ఒంట్లో హార్మోన్లు మారిపోతాయి. అప్పుడు పరీక్ష చేస్తే తెలిసేది మందు గుణం కాదు, భయం గుణం. మన పిల్లలకు వేసే మందు అలాంటి పరీక్ష దాటి వస్తే?

1972లో శాస్త్రవేత్తలు ఎలుక పిండాల్ని గడ్డకట్టించి, మళ్లీ ప్రాణం పోసుకునేలా చేశారు. అప్పట్నుంచి పిండాలుగానే పంపే వీలు కలిగింది. మూగజీవాలకు ప్రయాణ బాధ తప్పింది.

ఈ జీవాల కోసం రాజ్యసభలో బిల్లు పెట్టింది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. 1960లో చట్టం వచ్చింది.

అసలు ప్రయోగాలే వద్దంటారా? అది పెద్ద చర్చే. కానీ మన ఆరోగ్యం కోసం ప్రాణమిచ్చేదాన్ని దారిలో హింసపెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఏమంటారు?