డీక్వెర్వేన్ టెనోసైనోవైటిస్

పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా బొటనవేలి మొదట్లో కలుక్కుమంటుందా? అది ఈ జబ్బే కావచ్చు. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డీక్వెర్వేన్ 1895లో దీన్ని వివరించారు. బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు పక్కన ఒక ఇరుకు తొడుగులోంచి వెళ్తాయి. ఆ తొడుగు మందమైతే ఒరుసుకుంటాయి. బొటనవేలిని పిడికిట్లో ముడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం విలవిల్లాడుతుంది. బట్టలు పిండేవాళ్లకీ, ఫోన్‌లో అదేపనిగా టైప్ చేసేవాళ్లకీ రావచ్చు. బాలింతల్లో మాత్రం ‘వాతంలే’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తుంటారు. ఇది అన్యాయం. ఎందుకంటే బొటనవేలిని కదలనివ్వని పట్టీతో, అవసరమైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది. ఆపరేషన్ కొద్దిమందికే. బిడ్డను చంకల్లో బొటనవేళ్లు పెట్టి లేపకండి. అరచేతులు బిడ్డ కిందికి పోనిచ్చి ఎత్తుకోండి. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించండి.