అయిదున్నర అంగుళాల గూడ్సు పెట్టె

అమెరికాలో మోడల్ రైల్వే అంటే ఒట్టి పిల్లల ఆట కాదు. నిజమైన రైల్వే లైనును కొలత తప్పకుండా తగ్గించి బేస్‌మెంటులో కట్టుకునే పెద్దల వ్యాపకం. అక్కడ ఎక్కువమంది వాడే హెచ్ఓ స్కేలులో 87 అడుగులు ఒక్క అడుగవుతాయి. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. 40 అడుగుల బాక్స్‌కార్, అంటే పైకప్పుతో మూసి ఉండే గూడ్సు పెట్టె, అయిదున్నర అంగుళాలకు దిగుతుంది. రైలంటే అందరి చూపూ ఇంజను మీదే గానీ, యార్డు నిండాలంటే కావలసినవి గూడ్సు పెట్టెలే, అవీ పదులకొద్దీ.

1940లలో అది తేలిక కాదు. చాలా కిట్లలో ఉండేవి చెక్క ముక్కలు, తీగ, కొన్ని పోత భాగాలు, ఒక డ్రాయింగు. కోసి, నునుపు చేసి, అతికించి, రంగు వేసేసరికి ఒక్క పెట్టెకే ఎన్నో సాయంత్రాలు గడిచిపోయేవి.

ఈ చిక్కు విడదీసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ఇర్విన్ అథర్న్. తల్లి ఇంట్లోనే మోడల్ రైళ్ల అమ్మకం మొదలుపెట్టి, 1948లో కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో సొంత చోటు చూసుకున్నాడు. తొలి కిట్లు లోహంవి. 1950ల మధ్యకల్లా ప్లాస్టిక్‌ వైపు తిరిగాడు. కరిగిన పాలీస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తే రివెట్లు, నిచ్చెన మెట్లతో సహా పెట్టె ఒక్క ముక్కగా బయటికొస్తుంది. అచ్చు చేయించడమే ఖర్చు. ఆ తర్వాత ఒకే అచ్చులోంచి వేల పెట్టెలు తీయొచ్చు. రంగు, రైల్వే కంపెనీ అక్షరాలు ఫ్యాక్టరీలోనే పడేవి. కొన్నవాడికి స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. నీలం అట్టపెట్టెలో వచ్చే ఈ కిట్లకు ‘బ్లూ బాక్స్’ అన్న పేరు స్థిరపడింది. ఒకే అచ్చుకు రకరకాల కంపెనీల రంగులు వేశారని పట్టింపున్నవాళ్లు తప్పుపట్టారు. ఆ మాట నిజమే. అయినా సామాన్యుడి యార్డు నిండింది వీటితోనే.

చిన్న వస్తువే గానీ ఇందులో మెకానిక్స్ తక్కువేమీ లేదు. ప్లాస్టిక్ పెట్టె మరీ తేలిక; మలుపులో రైలు లాగితే లోపలివైపు ఒరిగి పట్టా తప్పుతుంది. అందుకే పెట్టె లోపల అడుగున ఇనుప పలక పెడతారు. 1935లో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీనికి లెక్క కట్టింది: ఒక ఔన్సు, దానిపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మన బాక్స్‌కార్‌కు మూడుముప్పావు ఔన్సులు, సుమారు 106 గ్రాములు. చక్రాలుండే బోగీలు రెండింటినీ ఒకేలా బిగించకూడదు. ఒకటి పక్కలకు ఊగకుండా, తిరిగేందుకు మాత్రం వీలుండేలా బిగించాలి; రెండోదాని మర కాస్త వదులుగా ఉంచాలి. అప్పుడు పట్టా ఎగుడుదిగుడైనా అన్ని చక్రాలూ దాన్ని అంటుకునే ఉంటాయి.

ఇక కప్లర్, అంటే పెట్టెకూ పెట్టెకూ మధ్య లంకె. ఆరెగాన్‌కు చెందిన కవలలు కీత్, డేల్ ఎడ్వర్డ్స్ తమ పేర్ల తొలి అక్షరాలు కలిపి పెట్టుకున్న ‘కేడీ’ కంపెనీ, మడిచిన వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకునే బుల్లి కప్లర్లు చేసింది. కింద వేలాడే తీగ బ్రేకు గొట్టంలా కనిపిస్తుంది. పట్టాల మధ్య అయస్కాంతం ఆ తీగల్ని చెరోపక్కకు లాగితే పట్టు విడిపోతుంది. పెట్టెను చేత్తో తాకే పనే లేదు. కాజీపేట, విజయవాడల మీదుగా పోయే బొగ్గు వ్యాగన్ల కప్లర్లూ ఇలా మడిచిన వేళ్లలా పట్టుకునేవే.

అథర్న్ 1991లో కన్నుమూశాడు. 2004లో కంపెనీ చేతులు మారింది, కొన్నేళ్లకు బ్లూ బాక్స్ కిట్లు ఆగిపోయాయి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి బిగించి సిద్ధంగా ఉన్న పెట్టెలు. అవి అందంగానే ఉంటాయి. కానీ బరువు ఎందుకు, మర వదులు ఎందుకు అన్నది కిట్ నేర్పినట్టు అవి నేర్పవు.

అమెరికాలో ఉన్న తెలుగువారు జనవరిలో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే ఆమ్‌హర్స్ట్ రైల్వే సొసైటీ ప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్లండి. కొత్త కిట్ కావాలంటే అక్యురైల్, టిచీ కంపెనీలవి అడగండి. పాత నీలం పెట్టె దొరికితే, డబ్బిచ్చే ముందు మూత తీసి ఇనుప పలక, మరలు, బ్రేకు చక్రం ఉన్నాయో లేదో చూసుకోండి. బిగించే పని మాత్రం పిల్లలకే వదిలేయండి.