డాబా మీద ఏ వర్టికల్ పెడదాం?

2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపానంటే మన వైపు ముందు పోయేది కరెంటు. టవర్లలో బ్యాటరీలు అయిపోతే ఆ వెనకే ఫోన్‌లో సిగ్నల్ కూడా పోతుంది. అలాంటప్పుడు కారు బ్యాటరీతో నడిచే హామ్ రేడియో, డాబా మీద ఒక యాంటెన్నా ఉంటే చాలు, మాట ఊరు దాటుతుంది. 2004 డిసెంబర్ 26 సునామీలో జరిగింది అదే. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ కబుర్లు బయటికి చేరడానికి వాళ్ల రేడియోలే ఆసరా అయ్యాయి.

మరి తెనాలిలోనో రేపల్లెలోనో ఇంటి మీద పెట్టాలంటే ఏ యాంటెన్నా? జాగా తక్కువ కాబట్టి చాలామంది చూపు వర్టికల్ మీదే. అంటే నిలువుగా నిలబడే రాడ్. కంపెనీ పేరు తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది ఎవరితో మాట్లాడాలన్నదే.

పక్క ఊరితో అయితే

145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం రాడ్ అర మీటరు కూడా ఉండదు, దాదాపు 49 సెంటీమీటర్లు. కింద నాలుగు రాడ్లు ఏటవాలుగా బిగిస్తే యాంటెన్నా రెడీ. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇక్కడ అసలు బలం ఎత్తుదే. మన డెల్టా నేల చదును, కొండలు అడ్డు రావు. భూమి వంపే అడ్డు. రెండు చోట్లా యాంటెన్నాలు 15 మీటర్ల ఎత్తున ఉంటే లెక్క ప్రకారం 32 కిలోమీటర్ల దాకా అందుతుంది. తెనాలి నుంచి రేపల్లె నేరుగా చూస్తే దాదాపు అంతే! బాపట్ల 40 పైమాటే కాబట్టి కష్టం. మధ్యలో ఇంకో హామ్ మాట అందుకుని చెప్పాలి.

దేశం దాటాలంటే

14 మెగాహెర్ట్జ్ వర్టికల్ కావాలి. పొడవు 5 మీటర్లు. దీని తరంగం నేలకు దగ్గరగా పోతుంది కాబట్టి చాలా దూరం వెళ్తుంది. సూర్యలంక లాంటి చోట, ఉప్పునీటి పక్కన పెడితే ఇంకా హుషారు. అయితే రాడ్ సగం యాంటెన్నా మాత్రమే, రేడియల్స్ అనే తీగలు మిగతా సగం. నేల మీద పెడితే కనీసం 16 తీగలు పరచండి. డాబా మీదైతే ఒక్కోటి 5 మీటర్ల చొప్పున నాలుగు సరిపోతాయి. రేడియల్స్ మానేస్తే మీ పవర్‌లో చాలా భాగం మట్టిని వేడి చేయడానికే పోతుంది.

హైదరాబాద్‌తో అయితే

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బాపట్ల నుంచి హైదరాబాద్ 250 కిలోమీటర్ల పైనే. నేలబారు తరంగం అంత దూరం రాకముందే సన్నబడిపోతుంది. ఆకాశంలో తగిలి తిరిగొచ్చే తరంగమేమో హైదరాబాద్ దాటాక ఎక్కడో దిగుతుంది. ఈ దూరానికి వర్టికల్ కన్నా తీగ నయం. 7 మెగాహెర్ట్జ్‌కి అటు పది మీటర్లు, ఇటు పది మీటర్ల తీగను ఆరేడు మీటర్ల ఎత్తున గుడిసె కప్పులా వాల్చి కట్టండి. తరంగం నిటారుగా పైకి వెళ్లి దగ్గర్లోనే దిగుతుంది. పగటిపూట బాగా పనిచేస్తుంది.

గాలికి నిలవాలంటే

పొడుగు చూసి మురిసిపోవద్దు. తుపాను కబురు రాగానే ఇద్దరు కలిసి పది నిమిషాల్లో దించగలిగేదే మనకి మంచి యాంటెన్నా. పైపు అడుగున మడతబందు పెట్టించండి, స్టే తాళ్లు మూడు వైపులా లాగండి. ఉప్పుగాలికి మామూలు బోల్టులు తుప్పుపడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి. కేబుల్ జాయింట్లోకి నీళ్లు దిగకుండా టేపు చుట్టండి. పైపు ఎటు పడినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో పెట్టండి. ఉరుములు మొదలవకముందే కేబుల్ ఊడదీయండి.

ఇవన్నీ లైసెన్స్ ఉంటేనే. 12 ఏళ్లు నిండినవాళ్లు టెలికం శాఖ పరీక్ష రాసి తెచ్చుకోవచ్చు.

బడ్జెట్ తక్కువైతే వరస ఇదీ: ముందు 145కి చిన్న వర్టికల్, తర్వాత 7కి తీగ, ఆఖరున 14కి పెద్ద వర్టికల్. మొదటి రెండూ తుపాను రోజున ఊరికి పనికొస్తాయి. మూడోది మీ సరదాకి.