మీకు తెలుసా? ముంజికాయల బండి మాటలూ నేర్పుతుంది!

ఎండాకాలంలో బాపట్ల జిల్లాలోని నగరం, రేపల్లె ఊళ్ల వైపు ముంజెలు తినేశాక కాయలన్నీ పెంటకుప్పకు పోవు. రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్ర ఆనించి తోస్తే బండి తయారు. రెండేళ్ల పిల్ల దాన్ని తోయలేకపోవచ్చు. పక్కన కూర్చుని బస్సు కండక్టరులా "తెనాలి, తెనాలి! ఎవరెక్కుతారమ్మా?" అనండి. "నేనూ!" అంటుంది.

ఒకదాన్ని ఇంకొకటిగా ఊహించుకునే ఆట సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య ఊపందుకుంటుంది. రెండేసి మాటలు కలిపి పలికే వయసూ ఇంచుమించు అదే. ఎదుట లేనిదాన్ని గుర్తుతో సూచించడమే రెండింటికీ మూలం. ఆటలో కర్ర గుర్రమయ్యే సంగతిని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో వివరించాడు. మన గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్లు అంతకు ఎంతో ముందువి లెండి!

బ్యాటరీ బొమ్మ తనే వాగేస్తుంది, పిల్లకు వంతు రానివ్వదు. అదే కొబ్బరిచిప్పలో పిల్ల ఉత్తుత్తి పప్పు వండి పెడితే, "ఉప్పు చాల్లేదే!" అని జవాబు కోసం కాసేపు ఆగండి. ఆటకని చింతగింజలు మాత్రం మూడేళ్లలోపు పిల్లల చేతికివ్వకండి, గొంతుకు అడ్డుపడతాయి.